200 మైక్రాన్ల వలలో ఓయిథోనా పడటం లేదు: విశాఖ లోపలి హార్బరు కోపిపాడ్‌లు

#1 నరవగెడ్డ
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఏడాదిపాటు నెలకోసారి జంతు ప్లవకాలు (నీళ్లలో కొట్టుకుపోయే చిన్న జీవులు), ముఖ్యంగా కోపిపాడ్‌లు అనే రొయ్యల దూరపు బంధువులు తియ్యాలి. నాలుగు స్టేషన్లు అనుకున్నాను: మేహాద్రిగెడ్డ నీళ్లు కలిసే లోపలి కొస, ఓడలు తిరిగే బేసిన్, డాల్ఫిన్స్ నోస్ కింద ప్రవేశ ఛానల్, బ్రేక్‌వాటర్ దాటాక 20 మీటర్ల లోతు. వల మూతి 50 సెంటీమీటర్లు, కన్ను (గుడ్డలోని చిల్లు) 200 మైక్రాన్లు, కోన్ 2 మీటర్లు.
ట్రయల్‌గా తీసినప్పుడు లోపలి కొసలో అకార్షియా అనే కోపిపాడ్, బార్నకిల్ (స్తంభాలకు అంటుకునే పెంకు జీవి) పిల్లలు బాగా ఉన్నాయి, ఓయిథోనా అనే చిన్న కోపిపాడ్ మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. అదే చోట బకెట్ నీళ్లు సన్న జల్లెడలో పోస్తే డిష్ నిండా ఓయిథోనాయే. ఇంతకీ ఏది నమ్మాలి?

#2 వలకన్ను
రెండూ నిజమే. మీ వల చూపిస్తున్నది ఒక జనాభా, జల్లెడ చూపిస్తున్నది ఇంకొకటి.

కంట్లోంచి జారిపోవడాన్ని తేల్చేది జీవి పొడవు కాదు, వెడల్పు. ఓయిథోనా బ్రెవికార్నిస్ ఆడది అర మిల్లీమీటరు పైచిలుకు పొడవుంటుంది గానీ వెడల్పు 200 మైక్రాన్లకు లోపే. పైగా 200 అన్నది చదరపు కంటి భుజం. మూల నుంచి మూలకు కొలిస్తే 283. పార్వోకలానస్, పారాకలానస్ పిల్ల దశలు, యూటెర్పినా లాంటి కోపిపాడ్‌లు, నాప్లియస్‌లు (గుడ్డు నుంచి వచ్చిన తొలి పిల్ల రూపాలు) కూడా ఇలాగే పోతాయి. నగరపు మురుగు కలిసే లోపలి నీళ్లలో తలల లెక్కన ఎక్కువుండేది ఈ చిన్నవాళ్లే కాబట్టి, 200 వల ఒక్కటే వాడితే అక్కడి ముఖ్యమైన జనాభాయే మీ చేతికి రాదు.

ఇంకో మోసం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మురికి ఎక్కువున్న చోట వల కళ్లు సగం మూసుకుపోతాయి. అప్పుడు 200 వల 100 వలలా పనిచేసి ఓయిథోనాను కూడా పడుతుంది. పట్టికలో చూస్తే "కాలుష్యం ఎక్కువైన కొద్దీ ఓయిథోనా పెరిగింది" అని అందంగా కనిపిస్తుంది. అందులో కొంత నిజం, కొంత మూసుకుపోయిన వల. ఏది ఎంతో తర్వాత విడదీయలేరు.

200 వల మానకండి, పాత జాబితాలతో పోల్చుకోవడానికి అది కావాలి. దానికి తోడు మూతి 30 సెంటీమీటర్లు, కన్ను 100 మైక్రాన్లు ఉన్న రెండో వల కుట్టించుకోండి. నాప్లియస్‌లకు మాత్రం 5 లీటర్ల నిస్కిన్ సీసాతో (కావలసిన లోతులో మూసుకునే నీటి సీసా) నాలుగు సార్లు, అంటే 20 లీటర్లు తీసి 40 మైక్రాన్ల జల్లెడలో పొయ్యండి.

కుట్టించేటప్పుడు పొడవు దగ్గర పిసినారితనం వద్దు. వల కళ్ల మొత్తం ఖాళీ మూతి వైశాల్యానికి కనీసం మూడు రెట్లు ఉండాలి, పచ్చగా చిక్కగా ఉండే హార్బరు నీళ్లకు ఐదు రెట్లు. 100 మైక్రాన్ల గుడ్డలో ఖాళీ భాగం సుమారు 40 శాతం. మూతి వైశాల్యం 0.0707 చ.మీ. ఆ లెక్కన ఐదు రెట్లు రావాలంటే కోన్ ఏటవాలు పొడవు 1.9 మీటర్లు. మీటరు వల కుట్టించి "మూసుకుపోతోంది" అని వాపోతే తప్పు గుడ్డది కాదు.

#3 ఫైబర్‌బోటు
ముందు వలకన్ను గారి వల నీళ్లలో దిగాలి కదా! లోపలి హార్బరు మామూలు రేవు కాదు. పోర్టు అనుమతి కాగితంలో తేదీ, బోటు నంబరు, మనుషుల పేర్లు, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా అన్నీ ఉండాలి. విశ్వవిద్యాలయం లేఖ జతచేసి నెలల ముందే పెట్టుకోండి.

స్టేషన్ 3 దగ్గర ఇబ్బంది ఉంది. ప్రవేశ ఛానల్ ఇరుకు, ఓడ వస్తుంటే పక్కకు తొలగాల్సిందే. అక్కడ మూడు నిమిషాల లాగుడు కుదరదు. ఛానల్ అంచున ఇంజను ఆపి నిలువుగా తియ్యండి. 10 మీటర్ల లోతు నుంచి ఒక్కసారి లాగితే మీ 50 వలలో వడబోత అయ్యేది 1.96 ఘనపు మీటర్లే. మూడు సార్లు లాగి ఒకే సీసాలో కలిపితే 5.9. అదేదో నాలుగు స్టేషన్లలోనూ నిలువుగానే చెయ్యండి, ఒకచోట అడ్డంగా ఒకచోట నిలువుగా తీస్తే పోల్చడానికి వీలుండదు.

అడ్డంగా లాగాలనే అనుకుంటే వల బోటు పక్కనుంచి రావాలి, వెనక నుంచి కాదు. అవుట్‌బోర్డు ఇంజను పంకా చిమ్మే నురగలో వల పోతే బుడగలు నిండి ఫ్లోమీటరు (వలలోంచి ఎంత నీరు పోయిందో లెక్కించే పరికరం) తప్పు చెబుతుంది. ఒక పక్కకు కొంచెం వంకరగా తిప్పుతూ నడపమనండి. వేగం 2 నాట్లకు మించకూడదు. మించితే మూతి ముందు నీళ్లు ఎగదన్ని, లాబిడోసెరా లాంటి చురుకైనవి తప్పించుకుంటాయి, మెత్తటివి గుడ్డకు నలిగిపోతాయి.

తాడు పొడవే లోతు అనుకోకండి. 20 మీటర్ల తాడు నిలువు నుంచి 60 డిగ్రీలు వాలితే వల ఉండేది 10 మీటర్ల దగ్గర. చిన్న కోణమానినికి దారం, గుండు కట్టుకుంటే చాలు.

#4 వలకన్ను
నిలువు లాగుడు మంచి సలహా. ఒక్క షరతు: ఫ్లోమీటరు వెనక్కి తిరగకుండా పన్ను ఉన్న రకమై ఉండాలి, లేకపోతే వల దిగేటప్పుడు కూడా అంకెలు కదులుతాయి. అది లేకపోతే మూతి వైశాల్యాన్ని లోతుతో గుణించి, అలా చేసినట్టు రాయండి.

అడ్డం లాగుడుకి ఫ్లోమీటరు లేకుండా వెళ్లడం దండగ. దాన్ని మూతి మధ్యలో కాకుండా కేంద్రానికీ అంచుకీ నడుమ కట్టండి. లోపల నీళ్లు నింపారో లేదో చూసుకోండి. డెక్ మీద గాలికి తిరగకుండా వేలు అడ్డుపెట్టి, నీళ్లలోకి పోయే ముందు అంకె రాసుకోండి.

జనరల్ ఓషనిక్స్ 2030 మామూలు రోటరు అయితే స్థిరాంకం 26,873. అంకెల తేడాను దానితో గుణించి 9,99,999తో భాగిస్తే మీటర్లు. ఉదాహరణకు తేడా 5,200 వస్తే 139.7 మీటర్లు. 50 సెంటీమీటర్ల మూతి వైశాల్యం 0.1963, అంటే 27.4 ఘనపు మీటర్లు.

మూసుకుపోయిందో లేదో తెలుసుకోవడానికి ఇదే సాధనం. సెకనుకు మీటరు చొప్పున 3 నిమిషాలు లాగితే 6,700 దగ్గర రావాలి. 3,500 వచ్చిందంటే వల సగం నీళ్లు తోసేసింది. ఆ శాంపిల్ పారబోసి, వల కడిగి, లాగుడు నిమిషానికి తగ్గించి మళ్లీ తియ్యండి. నాక్టిల్యూకా అనే ఏకకణ ప్లవకపు జిగురు, జెల్లీ ముక్కలు, వేసవిలో రంపపుపొట్టులా తేలే ట్రైకోడెస్మియం సూక్ష్మజీవుల పోగులు, మూసేది ఏదైనా సరే.

కడగడం బయట నుంచి లోపలికి, పై నుంచి కిందికి. మూతిలోంచి నీళ్లు పోస్తే పక్క స్టేషన్ జీవులు మీ సీసాలోకొస్తాయి. వరుస కూడా శుభ్రమైన బయటి స్టేషన్ నుంచి మురికి కొసకు.

#5 పోటునీరు
వల గొడవ సరే, నీళ్ల గొడవ ఎవరూ ఎత్తలేదు. ఈ ఉప్పుటేరులో స్టేషన్ అంటే మ్యాపు మీద చుక్క కాదు. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం తేడా సుమారు ఒకటిన్నర మీటరు. పోటు మీద తీస్తే బేసిన్లో బయటి సముద్రపు కోపిపాడ్‌లు టెమోరా, కోరికియస్ కనిపిస్తాయి. ఆటు మీద తీస్తే లోపలి అకార్షియా ఛానల్ దాకా వస్తుంది. ఒక నెల పోటులో, ఇంకో నెల ఆటులో తీసి "రుతుమార్పు" అని రాస్తే అది చంద్రుడి లెక్కే గానీ రుతువుల లెక్క కాదు.

దీనికి మనవాళ్ల పద్ధతే తేలిక: తిథి పట్టుకోండి. ఒకే తీరంలో ఒకే తిథికి పెద్ద పోటు దాదాపు అదే గడియారం వేళకు వస్తుంది. ప్రతి నెలా అమావాస్య తర్వాత విదియ అనుకుంటే, టైడ్ టేబుల్లో ఆ రోజు పోటు నిండే వేళ చూసుకుని, దానికి గంట అటూ ఇటూలో నాలుగు స్టేషన్లు ముగించండి. నాలుగూ కుదరకపోతే రెండేసి చొప్పున రెండు రోజులు, పోటు నిండే వేళకే. ఇలా చేస్తే పగలూ రాత్రీ తేడా కూడా స్థిరపడుతుంది. అకార్షియా పగటిపూట కిందికి దిగుతుంది. సూడోడయాప్టోమస్ అనే ఇంకో కోపిపాడ్ అయితే పగలు అడుగు బురదనే అంటిపెట్టుకుని రాత్రి పైకొస్తుంది. పగటి పై నీటి లాగుడులో అది లేదంటే ఆ నీళ్లలో లేదని కాదు.

ఉప్పదనం పైన ఒకటి, అడుగున ఒకటి కొలవండి. గెడ్డ నీళ్లు తేలిగ్గా పైపైనే పరుచుకుంటాయి. అడుగు నీటిలో ఆక్సిజన్ కూడా తప్పనిసరి, దానికి వింక్లర్ సీసాలు (ఆక్సిజన్ కొలిచే నీటిని పట్టేవి) పట్టుకెళ్లండి.

ఇంకొకటి. అక్టోబరు, నవంబరుల్లో నాలుగో స్టేషన్లోనూ పైనీటి ఉప్పు బాగా పడిపోతుంది. దానికి మేహాద్రిగెడ్డను తిట్టకండి. ఆ నెలల్లో తీర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తూ గంగ, బ్రహ్మపుత్ర, మహానది నీళ్లను మన ఒడ్డు వెంబడి మోసుకొస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది, ఏప్రిల్, మే వచ్చేసరికి ఉప్పదనం 34 దగ్గరకు చేరుతుంది. కాబట్టి వర్షాకాలం, వానల్లేని కాలం అని రెండు ముక్కలు చేస్తే మన తీరానికి సరిపోదు.

#6 ఐదోకాలు
ఇక పేర్ల సంగతి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

మొదట శరీరం మడత ఎక్కడుందో చూడండి. కలనాయిడ్లు అనే కోపిపాడ్ వర్గంలో ఐదో కాళ్ల ఖండం తర్వాత, జననేంద్రియ ఖండానికి ముందు మడత. సైక్లోపాయిడ్లలో నాలుగు, ఐదు కాళ్ల ఖండాల మధ్య. హార్పాక్టికాయిడ్లలో మడత అంతగా తెలియదు, ఒళ్లు తల నుంచి తోక దాకా సన్నబడుతూ పోతుంది, మీసాలు పొట్టి. మీసం పొడవును మాత్రమే నమ్ముకుంటే విరిగిపోయిన మీసాలున్న పారాకలానస్ సైక్లోపాయిడ్ల లెక్కలో పడుతుంది. గుడ్ల సంచి సూచన మాత్రమే: ఓయిథోనాకు రెండు, యూటెర్పినాకు ఒకటి, అకార్షియా అయితే గుడ్లు నీళ్లలో వదిలేస్తుంది. ఫార్మలిన్లో సంచులు ఊడిపోతాయి కూడా.

పారాకలానిడ్లు అసలు తలనొప్పి. పారాకలానస్ ఆడదానికి ఐదో కాళ్లు చిన్నవే అయినా రెండు ఖండాలతో జంటగా ఉంటాయి. అక్రోకలానస్ ఆడదానికి అవి లేకపోవడమో, మొండిగా మిగలడమో. మగ పారాకలానస్‌కి ఎడమ ఐదో కాలు ఐదు ఖండాలు, కుడిది రెండు. ఇది చూడాలంటే గ్లిజరిన్ చుక్కలో పెట్టి, పొట్ట పైకి తిప్పి, టంగ్‌స్టన్ సూదితో చివరి కాళ్లు విడదీసి 400 రెట్లు పెంచి చూడాలి. పిల్ల దశల్లో ఐదో కాలు పూర్తిగా రూపం దాల్చదు. కాబట్టి అవన్నీ "పారాకలానిడే పిల్ల దశలు" అని ఒకే వరుసలో వెయ్యండి. దగ్గరున్న పెద్దదాని పేరు అంటగడితే జాతుల సంఖ్య చూడ్డానికి బాగుంటుంది, అంతే.

టెమోరాలో ఒక దగ్గరి దారి: ఒంటి వెనక మూలలు గుండ్రంగా ఉంటే టర్బినాటా. మూలలు ముళ్లుగా సాగి, తోక కొమ్మలు రెండూ ఒకేలా ఉంటే స్టైలిఫెరా, అసమానంగా ఉంటే డిస్కాడాటా. లాబిడోసెరా అక్యూటా నుదుటి కొక్కెంతో దొరికిపోతుంది. సన్నటి కడ్డీలా ఉండి తోక వెంట్రుకలు ఒంటి పొడవంత సాగితే మాక్రోసెటెల్లా. ట్రైకోడెస్మియం కట్టలతో పాటే వస్తుంది, దాని నాప్లియస్‌లు ఆ పోగుల మీదే బతుకుతాయి. అది కనిపించిన నెలలో వల ఎందుకు మూసుకుపోయిందో కూడా అర్థమవుతుంది.

హార్బరు కాబట్టి జెట్టీ స్తంభాల నిండా బార్నకిళ్లు. వాటి నాప్లియస్‌కి ముందు మూలల్లో రెండు కొమ్ములు, వెనక ముల్లు ఉంటాయి. కోపిపాడ్ నాప్లియస్‌కి కొమ్ములుండవు. ఇది చూసుకోకపోతే లోపలి కొసలో "కోపిపాడ్ సంతానోత్పత్తి" అమాంతం పెరుగుతుంది.

#7 పోటునీరు
ఐదోకాలు గారూ, చిన్న సందేహం. లోపలి కొస ఓయిథోనాను బ్రెవికార్నిస్ అని అందరం అలవాటుగా అనేస్తున్నాం. ఓడలు బాలస్ట్ నీళ్లు (బరువు కోసం వేరే రేవుల్లో నింపుకొచ్చినవి) దింపే రేవులో అలా అనెయ్యొచ్చా?

#8 ఐదోకాలు
అనెయ్యకూడదు. నల్ల సముద్రంలో కొత్తగా కనిపించిన ఓయిథోనాను మొదట బ్రెవికార్నిస్ అనే రాశారు. తర్వాత పరిశీలిస్తే అది తూర్పు ఆసియా నుంచి ఓడల్లో వచ్చిన ఓయిథోనా డేవిసే అని తేలి, 2012లో సరిదిద్దారు. శాన్‌ఫ్రాన్సిస్కో బేకీ అది ఇలాగే చేరింది. అందుకే ప్రతి స్టేషన్ నుంచి కనీసం పది పెద్ద ఆడవాటిని వేరు చేసి, ముట్టె ఆకారం, నోటి అవయవాలు, ఈత కాళ్ల ముళ్ల సూత్రం బొమ్మలతో పోల్చండి. ఇంకో పదిని ఫార్మలిన్ తగలకుండా 95 శాతం ఇథనాల్‌లో వేసి, మర్నాడు ఇథనాల్ మార్చి పెట్టుకోండి. అప్పుడు జన్యు పరీక్షకు దారి మిగులుతుంది.

పాత జాబితాలతో పోల్చేవాళ్లకు కూడా ఒక మాట. లాసన్స్ బే ప్లవకాల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి గారి కాలం నుంచే, అంటే 1950ల నుంచే రాతలున్నాయి. అప్పటి పేర్లు చాలా మారాయి. యూకలానస్ సబ్‌క్రాసస్ ఇప్పుడు సబ్‌యూకలానస్. పోయెసిలోస్టొమటాయిడా అనే వర్గమే సైక్లోపాయిడాలో కలిసిపోయింది. పేర్లు సరిచెయ్యకుండా పక్కపక్కన పెడితే ఉన్న జాతి పోయినట్టు, కొత్తది వచ్చినట్టు కనిపిస్తుంది.

#9 నరవగెడ్డ
చాలా థాంక్సండీ. రెండో వల, విదియ, నిలువు లాగుడు ఖాయం చేసుకున్నాను. రెండు సందేహాలు. ల్యాబులో "4 శాతం ఫార్మలిన్" అంటారు, అది సీసాలో ఎంత? లోపలి కొసలో కొన్ని కోపిపాడ్‌లు లోపల ఖాళీగా పెంకులా కనిపిస్తున్నాయి, వాటిని లెక్కపెట్టాలా?

#10 వలకన్ను
ఆ "4 శాతం" మాటే సగం సీసాలు కుళ్లడానికి కారణం. కొట్లో కొనే ఫార్మలిన్లో ఫార్మాల్డిహైడ్ 37 నుంచి 40 శాతం. మనకు కావలసింది 4 శాతం ఫార్మాల్డిహైడ్, అంటే కొన్న ఫార్మలిన్ ఒక వంతు, శాంపిల్ ఉన్న సముద్రపు నీళ్లు తొమ్మిది వంతులు. 250 మిల్లీలీటర్ల సీసాలో 225కి 25. కొన్నదాన్ని నూటికి 4 వంతులే కలిపితే 1.6 శాతం దగ్గరే ఆగుతుంది, నెల తిరక్కుండా ఒళ్లు మెత్తబడి కాళ్లు ఊడతాయి. సీసాలో జీవులు పావు వంతు మించకూడదు, ఎక్కువైతే రెండు సీసాలు.

ఫార్మలిన్ను ముందే బోరాక్స్‌తో తటస్థం చెయ్యాలి. అడుగున కొంచెం కరగకుండా మిగిలేదాకా వేసి, తేరిన పై ద్రావణం వాడండి. లేకపోతే ఆమ్లానికి నత్త పిల్లల పెంకులు కరిగిపోతాయి. వారం తర్వాత పీహెచ్ చూడండి, 8 దగ్గర ఉండాలి. చూసే ముందు జల్లెడలో మంచినీళ్లతో బాగా కడగాలి, చేతికి గ్లోవ్స్, కిటికీ తెరిచి.

#11 పోటునీరు
ఖాళీ పెంకుల గురించి. అడుగున ఆక్సిజన్ తక్కువైన చోట చచ్చినవి నీళ్లలో తేలుతూ ఉంటాయి. ఫార్మలిన్ వేశాక అది ముందే నీళ్లలో చచ్చిందో, సీసాలో చచ్చిందో తెలియదు. దానికి న్యూట్రల్ రెడ్ అనే రంగు ఉంది. 1 గ్రాము పొడి 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి పెట్టుకోండి. అప్పుడే తీసిన శాంపిల్లో లీటరుకు 1.5 మిల్లీలీటర్లు వేసి, నీడలో 15 నిమిషాలు ఉంచండి. జల్లెడలో వడకట్టి సముద్రపు నీటితో కడిగి, ఐసు పెట్టెలో ల్యాబుకు తెచ్చి అదే రోజు చూడండి. చూసే ముందు పలచటి ఎసిటిక్ ఆమ్లం చుక్క వేస్తే బతికున్నవి ముదురు ఎరుపులో కనిపిస్తాయి, చచ్చినవి పాలిపోయి ఉంటాయి. దీనికి వేరే చిన్న శాంపిల్ తియ్యండి, లెక్కల శాంపిల్‌తో కలపకండి. ఫలితం శాతంగా మాత్రమే వాడుకోండి.

#12 లెక్కలమాస్టారు
లెక్కింపు మీద రెండు ముక్కలు. ఫోల్సమ్ స్ప్లిట్టరు (శాంపిల్‌ను రెండు సగాలు చేసే డబ్బా) సమతలంగా లేకపోతే ఎప్పుడూ ఒక సగమే బరువు. మొదటి రోజు రెండు సగాలూ లెక్కపెట్టి పోల్చండి. 1/16 దాకా విడదీసి 312 అకార్షియా వస్తే, 312ను 16తో గుణించి, వలకన్ను గారి ఉదాహరణలోని 27.4 ఘనపు మీటర్లతో భాగించండి: ఘనపు మీటరుకు 182.

100 లెక్కపెడితే తప్పు సుమారు 20 శాతం అటూ ఇటూ. 400 అయితే 10. 16 మాత్రమే చూసి రాస్తే 50. అందుకని ముఖ్యమైన జాతి ప్రతిదీ 100 దాటేదాకా చూడండి. మొత్తం 300 చాలు అనుకుంటే అరుదైనవి తప్పిపోతాయి. వాటి కోసం మిగిలిన సగాన్ని ఒకసారి పైపైన వెతకాలి.

షానన్ సూచిక (జాతుల వైవిధ్యాన్ని చెప్పే అంకె) రాసేటప్పుడు ఏ లాగరిథమో రాయండి. సహజ లాగ్‌తో 2.0 వచ్చినది లాగ్ 2తో 2.89. పాత పత్రంలో 2.9 చూసి "వైవిధ్యం పడిపోయింది" అని రాసినవాళ్లకు కొదవ లేదు. 200 వల సూచికను, 100 వల సూచికను పక్కపక్కన పోల్చకండి, వేర్వేరు పటాలు వెయ్యండి. బ్రే-కర్టిస్‌కి (శాంపిళ్లు ఒకదానికొకటి ఎంత వేరో చెప్పే కొలత) ముందు సంఖ్యల నాలుగో మూలం తీసుకోండి. లేకపోతే ఓయిథోనా ఒక్కటే మొత్తం పటాన్ని లాగేస్తుంది. ఎన్ఎండీఎస్ (పోలికను బట్టి శాంపిళ్లను పటం మీద పరిచే పద్ధతి) స్ట్రెస్, అంటే ఆ పటం ఎంత తప్పుతోందో చెప్పే అంకె, 0.2 దాటితే ఆ బొమ్మ చూపించకండి.

#13 వలకన్ను
మాస్టారూ, నాలుగో మూలం తీస్తే ఒక్కటంటే ఒక్కటి పడిన సఫిరినాకి కూడా పెత్తనం వస్తుందిగా?

#14 లెక్కలమాస్టారు
వస్తుంది. అందుకే మొత్తం మీద రెండు శాంపిళ్లలోపు మాత్రమే కనిపించిన జాతుల్ని ఆ పటం వరకు పక్కన పెట్టాలి. జాబితాలో మాత్రం ఉంచాలి. వర్గమూలంతో కూడా ఒకసారి గీసి చూడండి. రెండు పటాల్లో గుంపులు ఒకేలా వస్తే ధైర్యంగా రాయొచ్చు.

#15 ఐదోకాలు
నరవగెడ్డ గారూ, నాలుగు స్టేషన్లు, రెండు వలలు, పన్నెండు నెలలు: 96 సీసాలు, ఇథనాల్ సీసాలు వేరే. స్కెచ్ పెన్నుతో మూత మీద రాయకండి, ఇథనాల్ తగిలితే చెరిగిపోతుంది, మూతలు మారిపోతాయి కూడా. ట్రేసింగ్ కాగితం ముక్క మీద పెన్సిలుతో స్టేషన్, తేదీ, పోటు వేళ, కన్ను సైజు, ఫ్లోమీటరు రెండు అంకెలు రాసి సీసా లోపల వెయ్యండి. బయట ఇంకోటి అంటించండి.

#16 ఫైబర్‌బోటు
ఒడ్డుకు రాగానే వలలు, ఫ్లోమీటరు మంచినీళ్లలో ముంచి తీసి నీడలో ఆరెయ్యండి. ఎండలో వేస్తే నైలాను గట్టిపడి పెళుసవుతుంది. కొస డబ్బా దగ్గర కుట్టు ప్రతిసారీ వెలుతురుకు పట్టి చూడండి, చిల్లు మొదలయ్యేది అక్కడే. 100 వలకు గుడ్డ ఒక మీటరు ఎక్కువ కొనుక్కోండి. ఏడాది మధ్యలో చిరిగితే అదే గుడ్డ ముక్క సిలికాన్ జిగురుతో అతికించుకోవచ్చు.